గోడ మీద ఎర్ర చుక్క

కొత్తగా ఆర్మరర్ పనిలో చేరిన ఒక కానిస్టేబుల్ ఈ మధ్య ఫోన్ చేసి నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, ఆత్మరక్షణకని దగ్గరుంచుకునే పిస్టల్‌కి లేజర్ బిగించుకుంటే పనికొస్తాదా? లైసెన్సున్నోళ్లు అడుగుతన్నారు. ఏటి సెప్పమంటారు?"

రెండు రోజుల్లో రాసి పంపిస్తానన్నాను. ఐదు వారాలు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో ఈ కాగితాల్లోనే ఉంది.

నేను పోలీసు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా ఆర్మరర్‌గా పని చేశాను. తుపాకులు విప్పి శుభ్రం చేయడం, బాగుచేయడం, కాల్చే వాళ్లకు నేర్పడం నా పని. మనిషి మీద ఏనాడూ కాల్చలేదు. పదోన్నతులు, బదిలీలు, మెమోల సంగతి ఇక్కడ రాయను, వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రోజుకో పేజీ చొప్పున డైరీ రాస్తున్నాను. వాటిలోంచి ఈ ప్రశ్నకు సంబంధించినవే తీసి రాస్తున్నాను.

లేజర్ అంటే పిస్టల్ గొట్టం కింద బిగించే చిన్న పరికరం. అగ్గిపెట్టె అంత ఉంటుంది. మీట నొక్కితే పిస్టల్ ఎటు చూస్తే అటు ఎర్రటి చుక్క పడుతుంది. సరిగ్గా సర్దిపెడితే గుండు కూడా అక్కడికే వెళుతుంది. చూసిన వాళ్లకు అంతకన్నా సులువైంది ఇంకొకటి లేదనిపిస్తుంది. నాకు మాత్రం ఆ చుక్కంటే ఇప్పటికీ భయం.

చిటికెన వేలు

నా మొదటి పై అధికారి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు విజయనగరం వైపు మనిషి. కోపిష్టి. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కటే, దాని మీదే నా ఉద్యోగమంతా నడిచింది. పిస్టల్ చేతికి వస్తే ముందు తూటాలుండే మ్యాగజైన్ తీయాలి. తర్వాత పై భాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగాలి. గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్లో తూటా ఉంటే బయటకు దూకుతుంది. అంతటితో అయిపోలేదు. ఆ ఖాళీలో చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి.

"కన్ను సీకట్లో మోసపోతాది, సెవి గోలలో మోసపోతాది, ఏలు మోసపోదు" అనేవారు.

చేరిన ఏడాదిలో ఒకరోజు తొందరలో ఉండి వేలు పెట్టకుండానే పిస్టల్ ఆయన బల్ల మీద పెట్టాను.

"ఖాళీయా?" అన్నారు.

"ఖాళీ సార్."

"అయితే నీ పాదం మీదెట్టి నొక్కు."

పిస్టల్ తీసుకున్నాను. బూటుకు గురిపెట్టాను. నొక్కలేకపోయాను. స్లైడు లాగానని తెలుసు, తూటా లేదని తెలుసు. అయినా వేలు కదలలేదు.

"నీకే నమ్మకం లేంది నాకెందుకు సెప్తన్నావురా?" అన్నారు.

ఆనాడు పట్టుకున్న భయం నన్ను వదలలేదు, నేనూ వదిలించుకోవాలని చూడలేదు. ఆయుధమంటే భయం పోయిన మనిషిని ఆయుధాగారం గుమ్మం తొక్కనివ్వకూడదు. ఈ పనిలో చేరే వాళ్లకు మొదట చెప్పేది ఇదే.

ఎండలో వెతుక్కున్న చుక్క

లేజర్లు మా చేతికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక అధికారి తన గన్‌మన్‌కు ఒకటి బిగించమన్నాడు. బిగించేముందు పరీక్ష పెడతానని ఇద్దరు గన్‌మన్లను కాల్పులు నేర్పే రేంజికి తీసుకెళ్లాను. ఒకడి పిస్టల్‌కు లేజర్, రెండోవాడికి గొట్టం మీదుగా గురి చూసే మామూలు ఇనుప సైటు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. ఏడు మీటర్ల దూరంలో అట్టబొమ్మలు. విజిల్ వేశాను. ఇనుప సైటు వాడు మూడు గుండ్లు కాల్చి పిస్టల్ దించేశాడు. లేజర్ వాడు ఇంకా పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పుతున్నాడు, పడిపోయిన సూది వెతుకుతున్నట్టు.

"సార్, సుక్క కనపడ్డం లేదు!"

"అది కనపడేదాకా ఎదటోడు ఆగుతాడేట్రా?" అన్నాను. అందరూ నవ్వారు.

అదే పరీక్ష కిటికీలు మూసిన గదిలో పెడితే ఫలితం తిరగబడింది. ఇనుప సైటు కనపడక రెండోవాడు తడబడ్డాడు. లేజర్ వాడు చుక్క పడగానే కాల్చాడు. జీపు చక్రం వెనక పడుకోబెట్టి, పిస్టల్ కంటి దాకా ఎత్తే వీలు లేకుండా చేసినప్పుడు కూడా లేజర్‌దే పైచేయి. కాబట్టి అది పనికిరాదని నేను అనను. మసక వెలుతురులో పనికొస్తుంది. చత్వారం వచ్చి దగ్గరి సైటు, దూరం గురి ఒకేసారి ఆనని కళ్లకు పనికొస్తుంది. అన్నిటికన్నా నేర్పేవాడికి పనికొస్తుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి ఎంత వణుకుతుందో గోడ మీద చుక్క చెప్పేస్తుంది. అబద్ధమాడదు.

చెడ్డ గుణాలూ రాయాలి. ఎండలో మాయమవుతుంది. బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. బీరువాలో ఒక దెబ్బ తగిలితే గురి తప్పుతుంది, ఆ సంగతి కాల్చేదాకా బయటపడదు. చుక్క ఆడుతుంటే దాన్ని నిలబెట్టాలని మనిషి తంటాలు పడతాడు, అవతల సమయం గడిచిపోతుంది. చవకరకం వాటిలో మీట ట్రిగ్గర్‌కు ముందే ఉంటుంది. మీట నొక్కిన వేలే వెనక్కి జారి ట్రిగ్గర్ మీద పడుతుంది. అసలు పెద్ద ప్రమాదం వేరే ఉంది. చుక్క చూస్తే ఎదుటివాడు పారిపోతాడని కొనేవాళ్లు అనుకుంటారు. భయపెట్టడానికని తుపాకీ తీసినవాడు కాల్చడానికి సిద్ధపడి ఉండడు. ఎదుటివాడు పారిపోకపోతే ఏం చేస్తాడో అతనికే తెలియదు.

ఆ కానిస్టేబుల్‌కు ఇంతవరకు ఒక్కరోజులో రాసేశాను. ఉదాహరణకు, నా దగ్గర గురి నేర్చుకున్న సన్నిబాబు సంగతి కూడా కలిపితే బాగుంటుందని పాత డైరీలు తీశాను. అక్కడ ఆగిపోయాను.

నా చొక్కా మీద

సన్నిబాబుది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. కె.కోటపాడు వైపు కొండ పక్కన రాళ్ల క్రషర్ నడుపుతాడు. వాటా తగాదాలో ఇద్దరు మనుషులు బైకు మీద వచ్చి క్రషర్ దారిలో అతన్ని ఇనపరాడ్లతో కొట్టారు. తల కాచుకోవడానికి ఎడమ చెయ్యి అడ్డం పెడితే మణికట్టు విరిగింది. చంపుతామని చెప్పి వెళ్లారు. కేసు నడుస్తోంది, వాళ్లు బెయిలు మీద తిరుగుతున్నారు. ఆ తర్వాత అతనికి పిస్టల్ లైసెన్సు వచ్చింది.

నేను రిటైరై చోడవరంలో స్థిరపడ్డాక ఎవరో చెప్పగా వచ్చాడు. ఉదయం పూట వరండాలో కూర్చున్నాను. సంచీలోంచి పిస్టల్ తీసి, "సిటీలో లేజర్ బిగించేరు మాస్టారూ, సూడండి" అన్నాడు. చూసుకుంటే నా చొక్కా రెండో బొత్తాం మీద ఎర్ర చుక్క ఉంది.

నేను కదల్లేదు. కదిలితే అతను ఉలిక్కిపడతాడని భయం. "బాబూ, నేలకి దించు" అన్నాను.

"ఖాళీయే మాస్టారూ."

అప్పుడే నా భార్య సువార్త టీ గ్లాసులతో వచ్చి చూసింది. "ఏటి నాయనా, టీలో పంచదార తగ్గితే కాల్సేస్తావేటి?" అంది. అతను సిగ్గుపడి దించాడు. మ్యాగజైన్ తీశాను, స్లైడు లాగాను, వేలు పెట్టాను. ఖాళీయే.

మనిషిని చూస్తే జాలేసింది. రోడ్డు మీద బైకు చప్పుడైతే మాట మధ్యలో ఆపి గేటు వైపు చూసేవాడు. గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. లైసెన్సుదారులు ప్రాక్టీసు చేసే రేంజికి తీసుకెళ్లి లేజర్ చక్కగా సర్దిపెట్టాను. పది అడుగుల నుంచి కాలిస్తే చుక్కకు బొటనవేలి వెడల్పు పక్కకు కూడా పోకుండా గుండు తగిలింది. నా చేతిపని చూసి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట కూడా డైరీలో రాసుకున్నాను.

అతని చెయ్యి బాగా వణికేది. "రోజూ ఉదయం పదిసార్లు ఇంట్లో గోడ మీద చుక్క పెట్టి ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కు. చుక్క కదలకుండా నొక్కడం వస్తే చాలు" అన్నాను. పద్ధతి చూపించాను. మ్యాగజైన్ తీసేశాడు. స్లైడు దగ్గర ఆగాడు. ఎడమ మణికట్టుకు బలం లేదు, పంటి బిగువున లాగి మూలిగాడు. "రోజూ ఇలగ లాగాలేటి మాస్టారూ? సెయ్యి పీకేస్తంది."

"నువ్వు ఛాంబర్లో తూటా పెట్టుకుంటావా?"

"అమ్మో, ఎప్పుడూ ఎట్టను. మ్యాగజైన్లోనే."

"అయితే మ్యాగజైన్ తీసేస్తే చాలు" అన్నాను.

ముప్పై ఏళ్లలో ఎవరికీ చెప్పని మాట అది. ఆ రోజు నొప్పితో ఉన్న మనిషి ముఖం చూసి చెప్పేశాను.

నెల తర్వాత వచ్చి చెయ్యి నిలబడుతోందని సంతోషంగా చెప్పాడు. "మా గుంటకి అదో ఆట మాస్టారూ. సుక్క కనపడితే సాలు, పట్టేసుకుంటానని గోడ కాడికి లగెత్తుతాది." పాప పేరు జస్విత, అప్పటికి నాలుగో ఏడు. నేను కోప్పడ్డాను. తలుపు గడియ వేసుకుని చేసుకో, పాపను ఆ గదిలోకి రానివ్వకు అన్నాను. సరేనన్నాడు.

ఎన్నికల తర్వాత

ఎన్నికలు వస్తే లైసెన్సు ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అయ్యాక తిరిగి ఇస్తారు. సన్నిబాబు కూడా అప్పగించి రసీదు తీసుకున్నాడు. పిస్టల్ దగ్గర లేని ఆ రోజులు అతనికి నరకం. క్రషర్‌కు వెళ్లడం మానేశాడు. గదిలోంచి బయటకు రాలేదని తర్వాత తెలిసింది.

పిస్టల్ తిరిగొచ్చిన మూడో రోజు మా ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. "మాస్టారూ, ఆళ్లిద్దరూ మా ఊరి టీ కొట్టు కాడ నిలబడి నాకేసి సూసి నవ్వేరు. రేప్పొద్దున్న మీదకొస్తే స్లైడు లాగే టైముంటాదా నాకు? ఈ సేత్తో?"

నేను ఆలోచించాను. రేంజిలో ఎంతోమందిని చూశాను. రెండు గజాల దూరంలో మనిషి మీదకొస్తే, ఒక చెయ్యి విరిగినవాడు స్లైడు లాగి తూటాను ఛాంబర్లోకి ఎక్కించలేడు. అబద్ధం చెప్పి అతన్ని చావుకు పంపలేను. "ఉండదు బాబూ" అన్నాను. "బయటికెళ్లేటప్పుడు ఛాంబర్లో ఒకటి ఎక్కించి, సేఫ్టీ వేసి పెట్టుకో."

అది కూడా సరైన సలహాయే. ఏ ఆర్మరర్‌నడిగినా అదే చెబుతాడు.

రెండు పేజీలు పక్కపక్కన

ఆ కానిస్టేబుల్‌కు రాయడానికి సన్నిబాబు వచ్చిన ఆ మూడు రోజుల పేజీలు వెతికి, గుర్తుగా చీటీలు పెట్టి, డైరీలు రెండూ బల్ల మీద పక్కపక్కన తెరిచాను. ఉదయం ఆరున్నర. ఒక దాంట్లో నా దస్తూరీతో "మ్యాగజైన్ తీస్తే చాలునని చెప్పాను" అని ఉంది. రెండోదాంట్లో అదే దస్తూరీతో "ఛాంబర్ నింపి ఉంచుకోమన్నాను" అని ఉంది. రెంటికీ మధ్య ఏడు నెలలు.

రెండు వాక్యాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. మళ్లీ చదివాను.

మ్యాగజైన్ తీస్తాడు. ఛాంబర్లో తూటా ఉండిపోతుంది. సేఫ్టీ తీస్తాడు. మీట నొక్కుతాడు. గోడ మీద చుక్క పడుతుంది. ట్రిగ్గర్ నొక్కుతాడు. చుక్క దగ్గరికి ఎవరు పరిగెడతారో మూడో పేజీలో ఉంది.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను. ఎడమచేత్తో పిస్టల్ పట్టుకున్న మనిషిని ఫోన్ మోత ఉలిక్కిపడేలా చేస్తే ఏమవుతుందో తోచగానే ఫోన్ కట్ చేసేశాను. అతను పిస్టల్ పట్టేది కుడిచేత్తో. ఆ గాభరాలో అదీ మర్చిపోయాను.

సువార్త వంటింట్లోంచి వచ్చింది. "ఏటండీ, ముఖం అలగైపోయింది? బీపీ మాత్ర ఏసుకున్నారా?"

"బుచ్చయ్యపేట ఎళ్లాలి. బేగి."

"టిఫినైనా తినకుండానా? ఎవరైనా పోయేరేటి?"

"తెలీదు" అన్నాను. ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి, కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.

ఆటో మాట్లాడుకున్నాను. చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చి దారంతా నత్తలా పాకింది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆ ఊరి మలుపులో నలుగురు గుమిగూడి కనపడితే తల బయటకు పెట్టి చూశాను. అరటి గెలల బేరం. ఇంకో చోట ఎవరో ఆడమనిషి గట్టిగా అరుస్తోంది. మేకను తోలుతోంది. ఛాంబర్ నింపుకోమని చెప్పి అప్పటికి మూడు నెలలు దాటింది. రోజుకు పదిసార్లు చొప్పున ఎన్నిసార్లు నొక్కి ఉంటాడో లెక్క కట్టబోయి ఆపేశాను.

కిందకు తగిలించిన క్యాలెండరు

గేటు తీసే ఉంది. సన్నిబాబు భార్య నూకరత్నం చీపురుతో వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి పలకరింపుగా నవ్వింది. ఆ నవ్వు చూసి స్తంభం పట్టుకుని నిలబడిపోయాను.

"ఏటి మాస్టారూ ఇంత పొద్దున్నే? ఈయన స్నానం సేస్తన్నారు. కూకోండి, టీ ఎడతాను."

"పాప ఏదమ్మా?"

"పక్కింట్లో ఆడతంది."

ముందు గదిలో కూర్చున్నాను. అప్పుడు కనపడింది. ఎదురుగా గోడకు క్యాలెండరు ఉంది. మేకు ఎక్కడో పైన ఉంది. క్యాలెండరును దానికి పొడుగాటి పురికొస కట్టి కిందకు దించారు, దాని కింది అంచు నా మోకాలికి కొంచెం పైన ఆడుతోంది.

"క్యాలెండరు అంత కిందకెట్టేవేటమ్మా?"

చీపురు చప్పుడు ఆగింది. "గుంటకి తారీకులు నేర్పుదారని మాస్టారూ."

ఆ మాట నమ్మేవాణ్ణే. కానీ నాకు కాగితం కనపడితే ముందు తారీకు చూడడం అలవాటు. క్యాలెండరు పేజీ రెండు నెలల కిందటిది. తారీకులు నేర్పే క్యాలెండరు పేజీ రెండు నెలలుగా ఎందుకు తిప్పలేదు?

లేచి వెళ్లి పైకెత్తాను.

గోడలో కన్నం. చుట్టూ సున్నం పెచ్చు లేచి ఉంది. లోపల ఇటుక ఎర్రగా కనపడుతోంది. నా చిటికెన వేలు పట్టేంత ఉంది. పెట్టి చూశాను కూడా. ఎందుకు పెట్టానో తెలియదు, అలవాటు. నేల నుంచి జానలతో కొలిచాను. నాలుగు జానలు.

వెనకాల నూకరత్నం గడప మీద కూలబడింది. చీపురు చేతిలోనే ఉంది.

"నాను తల దువ్వుతన్నాను మాస్టారూ. ఒక జడేసేను. రెండోది సగంలో ఉంది. ఇంతలో సుక్క కనపడింది దానికి. అమ్మా ఒగ్గీ, సుక్కొచ్చింది, ఒగ్గీ అని ఒకటే గింజుకోడం. సగం జడతో ఎక్కడికెల్తావే అని జడ పట్టుకుని గట్టిగా ఎనక్కి లాగేను. ఏడ్సింది. అప్పుడు పేలింది." ఆమె కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. "నొప్పెట్టేలాగ లాగేనని దాన్ని బుజ్జగిద్దారనుకున్నాను మాస్టారూ. ఆ పొద్దు అంత గట్టిగా లాక్కపోతే..."

గది తలుపు గడియ వేసుకోమన్న మాట ఎవరికీ గుర్తు లేదు. ఆ తలుపుకు గడియే లేదని అప్పుడు చూశాను.

సన్నిబాబు తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో క్యాలెండరు చూసి ఆగిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు లైసెన్సు తీయించేస్తారని భయమేసింది మాస్టారూ." గోడ వైపు చూస్తూ అన్నాడు. "గుండు సుక్క మీదే తగిలింది. ఎంట్రుక వాసి తప్పలేదు."

మెచ్చుకోలు కాదది, నిందా కాదు. చూసిన సంగతి చెప్పాడంతే. నా పనితనం గురించి ఇన్నేళ్లలో ఎవరన్న మాటా నన్నింత భయపెట్టలేదు.

"తప్పు నాది" అన్నాను. రెండు సలహాల సంగతీ, ఏడు నెలల సంగతీ వాళ్లిద్దరికీ అర్థమయ్యేలా చెప్పాను. ముఖం చాటు చేసుకోవాలనిపించింది గాని చెప్పాను. సన్నిబాబు తల అడ్డంగా ఊపాడు. "నొక్కింది నాను కదా మాస్టారూ."

"పిస్టల్ ఎక్కడుంది?"

"బీరువా మీద. ఖాళీయే. ఆ రోజుతో గోడ ప్రాక్టీసు మానేసేను. ఛాంబర్లో ఎట్టడం కూడా మానేసేను."

కుర్చీ వేసుకుని తీశాను. లేజర్ ఇంకా బిగించే ఉంది. నూకరత్నాన్ని నా వెనక్కి రమ్మన్నాను. పెరటి గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న ఇసుక కుప్ప వైపు గొట్టం పెట్టి, మ్యాగజైన్ తీశాను. స్లైడు లాగాను.

తూటా ఒకటి ఎగిరి ఇసుకలో పడింది. పొద్దుటెండలో పసుపుగా మెరిసింది.

సన్నిబాబు భార్య వైపు తిరిగాడు. "నిన్న ఆళ్ల బైకు మన సందులోంచి ఎల్లింది రత్నం. అందుకని..." అన్నాడు. నిజంగానే మర్చిపోయాడో, అబద్ధమాడాడో నాకు తెలియదు. అంత భయంలో ఉన్న మనిషికి ఆ రెంటికీ తేడా ఉండదేమో.

"ఇది స్టేషన్లో ఇచ్చేద్దాం పద" అన్నాను. "నీ మణికట్టు బాగయ్యేదాకా, నేను మళ్లీ మొదటి నుంచి నేర్పేదాకా అక్కడే ఉంటుంది."

"ఇప్పుడు ఎలచ్చన్లు లేవు కదా మాస్టారూ? ఎందుకివ్వాలి?" "ఆళ్లొస్తే నాను ఏటి సెయ్యాలి?"

వాళ్లు రారని నేను చెప్పలేను. గేటుకు తాళం, ఒంటరిగా క్రషర్ దారిన వెళ్లకపోవడం, బెదిరింపులన్నీ స్టేషన్లో రాసివ్వడం అని ఏదో చెబుతున్నాను. నూకరత్నం చీపురు గోడకు ఆనించింది.

"ఎలచ్చన్లు నాను ఎట్టేను" అంది మొగుడితో. "ఇయ్యాలే. ఇచ్చీ."

సన్నిబాబు పెరట్లోకి దిగాడు. ఇసుకలో తూటా ఏరుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

బయల్దేరే ముందు స్లైడు వెనక్కి లాగి పట్టుకుని, నూకరత్నాన్ని పిలిచాను. "చిటికెన వేలు పెట్టి చూడమ్మా." ఆమె జంకుతూ పెట్టింది. లోపలంతా తడిమింది. తీసి, మళ్లీ పెట్టి తడిమింది.

"ఏటీ లేదు" అంది. ఆ రోజు ఆ ఇంట్లో ఆ మాట నేను నమ్మింది ఆమె చెబితేనే.

అప్పుడే జస్విత పక్కింటి నుంచి వచ్చింది. రెండు జడలూ బిగించి వేసి ఉన్నాయి. గది అడ్డంగా నడిచి వస్తే నాలుగడుగుల్లో తల్లి దగ్గరికి చేరుతుంది. అలా రాలేదు. క్యాలెండరున్న గోడకు దూరంగా, అటు గోడకు ఒళ్లు రాసుకుంటూ గదంతా చుట్టి వచ్చి తల్లి చీర పట్టుకుంది. రెండు నెలలుగా అలాగే వస్తోందట. తల్లి పక్కన నిలబడ్డప్పుడు చూశాను. నాలుగు జానలు పాప గొంతు దగ్గరికి వస్తుంది.

జవాబు

పిస్టల్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాం. లేజర్ విప్పి నా దగ్గరే పెట్టుకున్నాను. బ్యాటరీ తీసేశాను.

ఇక ఆ కానిస్టేబుల్‌కు నా జవాబు ఇది. లేజర్ పనికొస్తుంది. మసకలో, ముసలి కళ్లకు, నేర్పేటప్పుడు. గుండు ఎక్కడికి వెళుతుందో అది చెబుతుంది. లోపల గుండు ఉందో లేదో చెప్పదు. చుక్క దగ్గర ఎవరున్నారో పట్టించుకోదు. ఆ రెండూ తెలుసుకునే పద్ధతిని మనిషి నొప్పి చూసో, ముఖం చూసో ఒక్క మెట్టు కూడా తగ్గించకు. స్లైడు లాగలేని చేతికి పిస్టల్ తగదని ఆనాడే నేను చెప్పాల్సింది. అతనికి అప్పుడు కోపం వచ్చేది. వస్తే రానివ్వాల్సింది.

ఇంకొక మాట. నేను జీవితమంతా రోజుకో పేజీ రాశాను. ఏ రోజు పేజీ చూసినా తప్పు కనపడదు. అందుకే డైరీ పద్ధతి మార్చాను. ఇప్పుడు మనిషికో పేజీ. ఎవరు ఏమడిగినా, ముందు ఆ మనిషి పేజీ తీసి, ఇంతకుముందు అతనికి ఏం చెప్పానో చదివాకే నోరు తెరుస్తున్నాను. నువ్వూ అలాగే రాసుకో.

సన్నిబాబు పేజీలో చివరి వాక్యం నిన్న రాశాను. కన్నానికి సిమెంటు పెట్టించాడట, సున్నం కూడా వేయించాడట, ఇప్పుడు అక్కడ ఏమీ తెలియడం లేదట. జస్విత ఇంకా అటు గోడ పక్క నుంచే వస్తోంది.